డెల్ఫీ జోస్యము - భూగర్భ వాయువులు

ప్రాచీన గ్రీసు దేశమున, పర్నాసస్ కొండవాలుననున్న డెల్ఫీలో అపోలో దేవుని ఆలయముండెను. అచ్చట పిథియా అను పూజారిణి ముక్కాలిపీటపై కూర్చుండి, పూనకముతో జోస్యము చెప్పెడిది. ఈ పూనకమునకు కారణమేమి?

క్రీ.శ. 100 ప్రాంతమున అచ్చటి పూజారియైన ప్లూటార్కు, ఆలయపు లోపలిగదిలో అప్పుడప్పుడు పరిమళవాయువు నిండెడిదని వ్రాసెను. 1892లో ఫ్రెంచివారు త్రవ్వకములు ప్రారంభించిరి. పెద్ద నెఱ్ఱె ఏదియు కానరాలేదు. కనుక అది కట్టుకథయని పలువురు పండితులు త్రోసిపుచ్చిరి.

2001లో డి బోయర్, హేల్, షాంటన్ అను శాస్త్రజ్ఞులు, ఆలయము క్రింద రెండు భ్రంశములు, అనగా శిలలు పగిలి జరిగిన తావులు, కలియుచున్నవని ప్రకటించిరి. చెంతనున్న ఊటనీటిలో ఎథిలీన్ లేశముగా కనబడెను. తియ్యని వాసనగల ఈ వాయువు తగిన మోతాదులో మత్తు కలిగించును. కాని 2006లో ఇటలీ, గ్రీసు పరిశోధకులు అచ్చట అంత ఎథిలీన్ పుట్టియుండదనిరి. మీథేన్, బొగ్గుపులుసు వాయువులు చేరి ప్రాణవాయువు తగ్గియుండవచ్చునని సూచించిరి. ప్రాచీనుల సాక్ష్యమును పరీక్షింపక నమ్మరాదు, త్రోసివేయనురాదు.

అయితే వాయువు పూనకమును కలిగింపవచ్చునేగాని భవిష్యత్తును తెలుపజాలదు. పారశీకులపై దండెత్తినచో మహాసామ్రాజ్యమొకటి కూలునని లిడియా రాజు క్రీససునకు డెల్ఫీలో చెప్పిరని హెరొడోటస్ వ్రాసెను. కూలినది క్రీససు రాజ్యమే! ఎవరు ఓడినను ఆ జోస్యము నిజమేయగును గదా!