బరువు జాకీని బండిలో నెచట బిగింపవలెను?

వర్షములు మొదలైనతోడనే నల్లరేగడి నేలలయందలి పుంతదారు లెట్లుండునో కర్షక సోదరులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. పూర్వము బండి దిగబడినచో మఱియొక జత యెడ్లను గట్టి లాగెడివారము. ఇప్పుడు విత్తనములను, ఎరువులను, కూలివారిని జీపులలోను పికప్పు బండ్లలోను దీసికొని పోవుచున్నాము. ఇవి దిగబడినప్పుడు, కొనునాడు బండితో వచ్చిన చిన్న జాకీ యక్కఱకు రాదు. ఇరుసు క్రింద దానిని దూర్చుటకే చోటుండదు. అందుచేత కొందఱు నిలువు కమ్మి గల పెద్ద జాకీని కొని బండిలో వేసికొనుచున్నారు. మంచిదే. కాని దానిని ఎచట నుంచవలెనను నాలోచన కొనునప్పుడు చేయువారు తక్కువ.

ఈ జాకీ మన వృత్తికి క్రొత్త చుట్టము కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున బ్లూమ్‌ఫీల్డు పట్టణమున 1905లో హై-లిఫ్ట్ జాకీ తయారీ మొదలైనది. అచటి రైతులు దీనితో బండ్ల నెత్తుటయే కాక, కంచె గుంజలను పెఱుకుచు, తీగెలను బిగించుచుండిరి. ఇది 36, 42, 48, 60 అంగుళముల పొడవులలో దొరకును. 48 అంగుళముల జాకీ యించుమించు 13 కిలోల బరువుండును. రెండు టన్నులకు బైబడిన బరువు నెత్తగలదు.

ఈ 13 కిలోలే చిక్కు తెచ్చునవి. నా యనుభవము నొకదానిని సిగ్గు విడిచి చెప్పెదను. నేను జాకీని జీపులో వెనుక సీటు ప్రక్కన బెట్టి కొబ్బరిత్రాటితో గట్టి, ఇక భయము లేదనుకొంటిని. ఒకనాటి సాయంకాలము ఒక గేదె దారికడ్డముగ వచ్చినది. బ్రేకు వేసితిని. వేగము గంటకు 30 కిలోమీటర్లకు మించి లేదు. అయినను త్రాడు తెగి, జాకీ రెండు సీట్ల నడుమనుండి దూసికొనివచ్చి ముందఱి పలకను బగులగొట్టెను. నా ప్రక్కన గూర్చున్న రైతు మోకాలు జానెడు దూరములో దప్పినది. ఆ దినము మొదలు నేను త్రాటిని నమ్ముట మానితిని.

లెక్క చూడుడు. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో బోవు బండి దేనికైన గ్రుద్దుకొని నిలిచినచో, లోపల వదులుగ నున్న జాకీ 32 అడుగుల యెత్తునుండి క్రింద బడిన వస్తువునకు గల జోరుతో ముందునకు వచ్చును. మూడంతస్తుల మేడమీదినుండి 13 కిలోల యినుము నెత్తిని బడినచో నేమగునో యూహించుకొనుడు.

ఇక నొక్కొక్క తావు యొక్క గుణదోషములను విచారింతము.

1. బానెట్టుపైన: చూచుటకు ఠీవిగ నుండును. కాని బానెట్టు రేకు పలుచనిది. గతుకులలో బోల్టు రంధ్రములు సాగును. డ్రైవరు చూపున కడ్డము. ప్రమాదమున బాటసారికి ప్రాణాంతకము. ఇది తగదు.

2. టాపుపైన: బురద సోకదు, నిజమే. కాని బరువు పైకెక్కినకొలది గట్లపై బోవు బండికి ఒరుగు స్వభావ మధికమగును. అదియును గాక, ఒకవైపునకు ఒరిగి దిగబడిన బండిపైకి బురదకాళ్లతో నెక్కి 13 కిలోల కమ్మిని దింపుట యెంత యపాయకరమో చెప్పనేల?

3. ముందు బంపరునకు: రేడియేటరునకు గాలి తగ్గును, దీపముల కడ్డము వచ్చును. బండి ముందు ఇనుప కమ్ములను బిగించుట కూడదని 2017లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు దెలిపియున్నది గనుక ఈ తావును విడిచిపెట్టుటయే మేలు.

4. వెనుక స్టెప్నీ ప్రక్కన: చేతికి సులభముగ నందును. కాని స్టెప్నీ బరువు నిప్పటికే తలుపు బందులు మోయుచున్నవి. జాకీయు జేరినచో తలుపు క్రుంగును. చట్రమునకు బిగించిన ఉక్కు వెనుక బంపరున్నచో, తలుపునకు గాక దానికి బిగింపవచ్చును. నంబరు పలకయు, ఎఱ్ఱదీపములును గప్పబడరాదు. చక్రములు చిమ్ము దుమ్మును బురదయు నిచ్చటికే చేరును గావున యంత్రభాగమునకు దట్టమైన గుడ్డసంచి తొడుగవలెను.

5. లోపల, నేలమీద: మూసిన బండ్లకు నా మతమున నిది యుత్తమము. బరువు క్రిందనుండును; దుమ్ము, వాన, దొంగ, మూడింటి భయమును దగ్గును. అయితే ముందు సీట్ల వెనుక, బండి కడ్డముగ బరుండబెట్టి, నేలకు రెండు చోట్ల బోల్టులతో బిగింపవలెను. వెనుక తలుపు గట్టునకు జేరి తెఱవరాకపోయినను ప్రక్క తలుపునుండి తీసికొనవచ్చును. బస్తాలను దానిపై బేర్చరాదు.

6. పికప్పు బండ్లకు: తొట్టిలో, క్యాబిను వెనుకనున్న ముందుగోడకు, అడ్డముగ, తొట్టి యడుగుకు దగ్గఱగ బిగించుట శ్రేష్ఠము. తాళము వేయు ఏర్పాటుండవలెను.

ఎచ్చట బిగించినను కొన్ని నియమములు సమానము. రెండు చోట్లకు దక్కువ బిగింపరాదు. పలుచని రేకునకు గాక, దాని క్రిందనున్న గట్టి కమ్మికి బోల్టు చేరవలెను. రేకు తప్పనిచోట వెనుక వెడల్పుపలక వేయవలెను. వదులుగాని నట్లను వాడవలెను. పిడి కొట్టుకొనకుండ పాత ట్యూబు ముక్కతో కమ్మికి జేర్చి కట్టవలెను. పైకెక్కు పిన్నులకు గ్రీజు పూయకుడు, మట్టి పట్టును. కడిగి, ఆరబెట్టి, పలుచని నూనె చుక్కలు వేసిన జాలును.

జాకీని బిగించిన చోటు బండినెత్తు చోటు కాదు. నేటి ప్లాస్టిక్కు బంపర్లు దీనిని భరింపవు. ఉక్కు బంపరుగాని, చట్రమునకు బిగించిన ఎత్తుడుబిందువుగాని యుండవలెను. బురదలో జాకీ క్రింద వెడల్పయిన చెక్క వేయుడు. దిగని చక్రములకు ముందు వెనుకల రాళ్లుంచుడు. పిడికిని కమ్మికిని నడుమ తల పెట్టకుడు. బరువుమీద జాఱిన పిడి దవుడను విఱుగగొట్టును. జాకీనే నమ్మి బండి క్రింద దూరకుడు.

తొలకరికి ముందు ఒకపూట దీనికై కేటాయింపుడు. జాకీని విప్పి, పిన్నులు కదలుచున్నవో లేదో చూచి, నట్లు మరల బిగింపుడు. పిమ్మట కన్నులు మూసికొని, చీకటిలో నుంటిమనుకొని, దానిని బయటికి దీసి చూడుడు. తీయగలిగితిరేని తావు సరియైనదే. నా జీపులో నిప్పుడు జాకీ నేలమీద బోల్టులతో బిగింపబడియున్నది. పగిలిన పలకను మాత్రము నేను మార్పలేదు. బండి యెక్కినప్పుడెల్ల అది నాకు త్రాటి సంగతి జ్ఞప్తికి దెచ్చుచున్నది.