హారన్ మార్చింది డ్రైవరు కాదు

తూప్రాన్‌ను ఒరుసుకుంటూ 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఇటు హైదరాబాదు, అటు నాగపూర్. ఊళ్లో బడికెళ్లే పిల్లలకు ఆ రోడ్డును మించిన భౌతికశాస్త్ర ప్రయోగశాల లేదని నా నమ్మకం. అయితే అక్కడ విన్నవాటి గురించి, చూసినవాటి గురించి పిల్లలు ధీమాగా చెప్పే మాటల్లో కొన్ని సరికావు. పెద్దవాళ్లు కూడా అవే చెబుతారు కాబట్టి పిల్లల్ని తప్పుపట్టలేం.

అపోహ: లారీ మనల్ని దాటగానే డ్రైవరు హారన్ మారుస్తాడు.

డ్రైవరు నొక్కింది ఒకటే మీట, మోగింది ఒకటే హారన్. లారీ మనవైపు వస్తున్నప్పుడు హారన్ వదిలే ప్రతి అలా దాని ముందటి అల కంటే కాస్త దగ్గరి చోటు నుంచి బయలుదేరుతుంది. అలలు ఒకదాని మీద ఒకటి ఒత్తుకొచ్చినట్టై, సెకనుకు ఎక్కువ అలలు చెవిని తాకుతాయి. స్వరం హెచ్చుగా వినపడుతుంది. దాటిపోయాక అలలు సాగుతాయి, స్వరం దిగుతుంది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ ఈ సంగతి చెప్పాడు. మూడేళ్లకు నెదర్లాండ్స్‌లో బైస్ బాలట్ అనే శాస్త్రవేత్త బూరలు ఊదేవాళ్లను రైలెక్కించి, పట్టాల పక్కన సంగీతం తెలిసినవాళ్లను నిలబెట్టి నిజమేనని తేల్చాడు.

మనమూ లెక్క కట్టొచ్చు. లారీ వేగం గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్లు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. హారన్ పౌనఃపున్యం 320 హెర్ట్జ్ అనుకుంటే, వచ్చేటప్పుడు 340గా, పోయేటప్పుడు 302గా వినపడుతుంది. ఈ రెండింటి నిష్పత్తి 9:8. సంగీతం నేర్చుకునే పిల్లలు గుర్తుపడతారు, చతుశ్రుతి రిషభానికీ షడ్జానికీ ఉన్న నిష్పత్తి అదే. లారీ మన ముందు నుంచి పోతూ రి నుంచి స కి దిగిందన్నమాట.

దీనిమీదే ఇంకో పొరపాటు ఉంది. లారీ దగ్గరయ్యేకొద్దీ స్వరం ఇంకా ఇంకా హెచ్చుతుందని చాలామంది రాస్తారు, పరీక్షల్లో కూడా. హెచ్చేది శబ్దం బిగ్గరతనం మాత్రమే. లారీ వేగం మారనంతవరకూ, దూరం నుంచి వచ్చేటప్పుడు స్వరం దాదాపు ఒకే చోట నిలబడి ఉంటుంది. మన ముందుకు చేరుతున్నప్పుడు జారడం మొదలవుతుంది. రోడ్డుకు దూరంగా, బడి ప్రహరీ లోపల నిలబడి కళ్లు మూసుకుని వినండి.

అపోహ: ఎండలో రోడ్డు మీద కనిపించే నీళ్లు కంటి భ్రమ.

భ్రమే అయితే ఫోన్ కెమెరాకు దొరకకూడదు. ఏప్రిల్ మధ్యాహ్నం ఫొటో తీసి చూడండి, ఎండమావి అందులోనూ ఉంటుంది. కాలిపోతున్న తారును ఆనుకున్న గాలి పలచబడుతుంది. వాలుగా కిందికి వచ్చే ఆకాశపు కాంతి ఆ పలచని పొరల్లో వంగి పైకి తిరిగి మన కంటికి చేరుతుంది. రోడ్డు మీద మెరిసేది నిజమైన కాంతే. మనం చూస్తున్నది ఆకాశం ముక్కను. దాన్ని నీళ్లని అనుకోవడం ఒక్కటే పొరపాటు.

అపోహ: సముద్రం రంగు పడి ఆకాశం నీలంగా కనిపిస్తుంది.

తూప్రాన్‌కు ఏ వైపు చూసినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఇక్కడి ఆకాశం విశాఖ ఆకాశానికి ఏం తీసిపోయింది? గాలిలోని అణువులు ఎరుపు కంటే నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి, అంతే. చిన్నప్పుడు విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రాన్ని చూసి ఎదురు ప్రశ్న వేసుకున్నాడు: నీళ్ల నీలం ఆకాశం నుంచి అరువు తెచ్చుకున్నదేనా? కాదని తేల్చాడు. ఆ దారిలోనే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం దగ్గరికి చేరాడు.

అపోహ: రేడియో తరంగాలు కూడా ధ్వని తరంగాలే, మన చెవికి అందవంతే.

రేడియో తరంగం కాంతికి తోబుట్టువు, ధ్వనికి ఏమీ కాదు. హైదరాబాదు నుంచి యాభై కిలోమీటర్ల దూరాన్ని అది సెకనులో ఆరువేలవ వంతు కాలంలో దాటేస్తుంది. రేడియోలో వచ్చే పాట ధ్వనిగా రావాలంటే దాదాపు రెండున్నర నిమిషాలు పట్టేది, అదీ దారిలో అణగిపోకుండా ఉంటే. రేడియోలో శబ్దం పుట్టేది మన ఇంట్లో ఉన్న స్పీకరు దగ్గర. 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3 కబురు గాలి లేని దారి గుండా వచ్చింది. ధ్వనికి అది చేతకాదు.

అపోహ: ఇనుము లాంటి గట్టి వస్తువుల్లో ధ్వని నెమ్మదిగా పోతుంది.

ఉక్కులో ధ్వని సెకనుకు 5,000 మీటర్లు దాటి పోతుంది, గాలిలో కంటే పదిహేను రెట్లు. పొడవాటి బెంచీకి చెవి ఆనించి, రెండో కొసన గోటితో గీకమని స్నేహితుణ్ని అడగండి. వేగం తేడా పసిగట్టలేరు కానీ, గాలిలో వినపడని గీకుడు స్పష్టంగా వినపడుతుంది. సినిమాల్లోలా రైలు పట్టాకు మాత్రం ఎన్నడూ చెవి పెట్టకండి.

అపోహ: రైలొస్తే వినపడుతుందిలే.

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది. 2014 జులై 24న తూప్రాన్ దగ్గరి మాసాయిపేటలో, కాపలా లేని రైలు గేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొంది. పసిపిల్లలు పోయారు. ఆ ప్రమాదం కారణాల్లోకి ఇక్కడ వెళ్లను. ధ్వని గురించి చెప్పవలసింది మాత్రం చెప్పాలి. మన బండి ఇంజను రొద బయటి శబ్దాన్ని కప్పేస్తుంది. మూసిన అద్దాలు ఇంకొంత తగ్గిస్తాయి. అతుకు లేకుండా వెల్డింగ్ చేసిన పట్టాల మీద పాతకాలపు టకటక వినపడదు. అర కిలోమీటరు దూరంలో కొట్టిన హారన్ చెవిని చేరడానికి సెకనున్నర పడుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రైలు ఆలోగా 37 మీటర్లు ముందుకొచ్చేస్తుంది. మనం విన్నది రైలు కాసేపటి క్రితం ఉన్న చోటు నుంచి వచ్చిన శబ్దం. పట్టాలు దాటేముందు బండి ఆపి, రెండు వైపులా కంటితో చూడాల్సిందే.

అపోహ: రంగు గాజు తెల్లని కాంతికి రంగు పూస్తుంది.

మెదక్ చర్చికి వెళ్లినప్పుడు దీన్ని పరీక్షించండి. 1924లో ప్రారంభమైన ఆ చర్చి కిటికీల్లో, రంగు గాజు ముక్కలతో కూర్చిన క్రీస్తు జీవిత ఘట్టాలు ఉన్నాయి. పొద్దు గూకితే లోపలివాళ్లకు ఆ బొమ్మలు కనపడవు. అందులో మహిమ వెతకనక్కర్లేదు. ఎర్ర గాజు ఎరుపును తయారుచేయదు, మిగతా రంగుల్ని పీల్చుకుని ఎరుపును వదులుతుంది. బయట వెలుగు లేకపోతే వదలడానికి దాని దగ్గర ఏమీ ఉండదు.

చీకటి పడుతుంటే అన్ని రంగులూ ఒకేసారి ఆరిపోవు. ఇది చూడటానికి మెదక్ దాకా పోనక్కర్లేదు, పెరట్లో ఎర్ర మందారం ఉంటే చాలు. మసక వెలుగులో మన కన్ను ఎరుపును ముందుగా పోగొట్టుకుంటుంది, నీలం, ఆకుపచ్చల వైపు ఎక్కువసేపు మేలుకుని ఉంటుంది. ఇవాళ సాయంత్రం దీపం వేయకుండా ఆ చెట్టు ముందు కూర్చోండి. పగలు ఆకుల మధ్య వెలిగిపోయిన పువ్వు నల్లబడిపోతుంది, ఆకులు ఇంకా కనపడుతూనే ఉంటాయి.