పాటిదిబ్బ పెంకు

ఇంటిపని ముగిసిన పిదప చేత జిక్కిన గడియను చిత్రకళకు వినియోగింపవచ్చును. అందులకు పట్టణపు రంగులపెట్టె యక్కరలేదు. చెట్టుయాకు, నూలుగుడ్డ, ప్రాచీనశిల్పపు పోలిక, ఈ మూటిని ఒక కొయ్యపలకపై గూర్చి మేము చేసిన చిత్రమును, అందు మావలన జరిగిన యొక తప్పును సోదరీమణులకు విన్నవించుచున్నాము.

గుడ్డ విషయమున శ్రీకాళహస్తి కలంకారీ పనివారి పద్ధతిని గైకొంటిమి. గంజిపోవ నుతికిన ముతకగుడ్డను కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో నానవేసి, పిండి, యెండలో నారవేయవలెను. కరక్కాయలోని వగరు ఇనుముతో గలిసి నలుపు నిచ్చును. పాలలోని వెన్న రంగును చెదరనీయదు. తుప్పుపట్టిన యినుపముక్కలను, బెల్లమును కుండెడు నీటిలో వేసి మూడువారములు పులియనిచ్చి వడకట్టితిమి. ఆ నీటిని రావియాకు వెనుకతట్టున, ఈనెలు పైకి దేలియున్నచోట, పలుచగా బూసి గుడ్డపై నొత్తితిమి. సన్నని యీనెలు సైతము నల్లగా దిగినవి.

పద్మమునకు కొండపల్లి బొమ్మలవారి మక్కు వాడితిమి. చింతగింజల పిండి నుడికించిన జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దయే మక్కు. అమరావతి స్తూపపు పద్మఫలకమును పుస్తకమున జూచి, రేకులను వ్రేలితో దిద్ది, బీటలు వారకుండ నీడన నారనిచ్చితిమి.

ఇక మా తప్పు. మా గ్రామమునకు తూర్పున నొక పాటిదిబ్బ కలదు. రైతులు దాని మన్నును ఎరువుగా పొలములకు తోలుకొందురు. మావారి బడిపిల్ల యొకతె అచ్చటినుండి కుండపెంకు నొకదానిని తెచ్చియిచ్చినది. లోపల నలుపు, వెలుపల ఎరుపు. దాని నునుపునకు మురిసి పద్మము క్రింద నతికించితిమి. సాయంకాలము మావారు చూచి, “ఇది యే పొరలోనిది? దీనిప్రక్క నేమున్నది?” అని యడిగిరి. మేము బదులు చెప్పలేకపోతిమి. పెంకు తన పొరలో నున్నప్పుడే తన కాలమును జెప్పగలదు. పొర తప్పిన పిదప నది వట్టి పెంకు.

అమరావతిలో జరిగినదియు నిట్టిదే. స్తూపపురాళ్లు కొన్ని క్రొత్త కట్టడములకు తరలినవి. కొన్ని సున్నపుబట్టీలలో గాలినవి. కాలిన్ మెకంజీ 1816లో మరల వచ్చి, మిగిలిన శిల్పములకు చిత్రములు వ్రాయించెను. అందు గొన్నిటికి నేడు చిత్రమే కలదు, శిల్పము లేదు. నిలిచిన శిల్పములు అమరావతి, చెన్నై, లండను ప్రదర్శనశాలలలో చెదరియున్నవి.

మరునాడు తడిగుడ్డ వేసి పెంకు నూడదీసితిమి. దొరికినచోటును పిల్లచే జూపించుకొని, దానిని తేదీతో కాగితమున వ్రాసి, పెంకుతోగూడ భద్రపరచితిమి. మావారు పురావస్తుశాఖకు జాబు వ్రాసిరి. కాని పోయిన పొర తిరిగి రాదు.

సోదరీమణులారా! ఆకును, గుడ్డను, మక్కును మీ యిచ్చవచ్చినట్లు వాడుడు. పాతవస్తువునుండి మాత్రము పోలికను గొని, వస్తువును దాని చోటనే యుండనిండు. మా పలకపై పెంకున్నచోట జిగురుమరక మిగిలినది. దానిని మేము కప్పలేదు. చుట్టును పెంకు ఆకారమును నల్లగీతగా దిద్దితిమి. చూచినవారు అదేమని యడుగుదురు. అడిగినప్పుడెల్ల ఈ కథయే చెప్పుచున్నాము.