పదా, పదకొండా, పన్నెండా: గిటారు తీగల లావు లెక్క

అకూస్టిక్ గిటారు తీగల ప్యాకెట్టు మీద 10–47 అనో, 12–53 అనో రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది సెట్టులో అన్నిటికన్నా సన్నని తీగ మందం, రెండోది అన్నిటికన్నా లావు తీగ మందం. కొలిచేది అంగుళంలో వెయ్యో వంతుల్లో. సెట్టును పిలిచేది మొదటి అంకెతోనే: పది సెట్టు, పదకొండు సెట్టు, పన్నెండు సెట్టు. పక్కనే ఎక్స్‌ట్రా లైట్, కస్టమ్ లైట్, లైట్, మీడియం అని పేర్లు కూడా అచ్చేస్తారు. వాటిని నమ్ముకోవద్దు. ఒక కంపెనీ లైట్ సెట్టు 12–53 అయితే ఇంకో కంపెనీది 12–54. ఎలక్ట్రిక్ గిటారు తీగల్లోనైతే 10–46నే లైట్ అంటారు. పేరు వదిలేసి అంకె చూసి కొనండి.

పదికీ పన్నెండుకూ మధ్య తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం. ఈ కాస్త దానికి అంత ఆలోచన ఎందుకు అనిపిస్తుంది. కానీ ఆ వెంట్రుకవాసి తేడా గిటారు మీదికి వచ్చేసరికి కిలోల్లోకి మారుతుంది. ఎలాగో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

తీగ ఏ శ్రుతిలో పలుకుతుందన్నది దాని పొడవు, బిగువు, బరువుల మీద ఆధారపడుతుంది. ఫ్రెంచి పండితుడు మారిన్ మెర్సెన్ 1636లోనే ఈ సంబంధాన్ని సూత్రాలుగా రాసిపెట్టాడు. గిటారులో పొడవు మన చేతిలో లేదు. మెడ చివర ఉండే నట్ నుంచి, పలక మీద తీగలు కట్టే బ్రిడ్జ్‌లోని సాడిల్ దాకా చాలా గిటార్లకు 25.5 అంగుళాలు. శ్రుతి కూడా మన చేతిలో లేదు. మొదటి తీగ సెకనుకు దాదాపు 330 సార్లు కంపించాల్సిందే. ఇక మిగిలినవి బరువు, బిగువు. తీగ లావైతే బరువెక్కుతుంది, బరువెక్కిన తీగను అదే శ్రుతికి తేవాలంటే ఇంకా బిగించాలి. అసలు కిటుకు ఇక్కడుంది. మందం రెండింతలైతే బరువు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. అందుకే 12 నుంచి 10కి దిగితే మందంలో తగ్గేది ఆరో వంతే అయినా బిగువులో 30 శాతం తగ్గిపోతుంది. లెక్కవేస్తే 10 తీగ మీద సుమారు 7.3 కిలోల లాగు, 12 మీద 10.6, 13 మీద 12.4. ఆరు తీగలూ కలిపితే పది సెట్టుకు 60 కిలోల పైచిలుకు, పన్నెండు సెట్టుకు 70 దాటి, పదమూడు సెట్టుకు 80 దాటి. పన్నెండు సెట్టు వేసిన గిటారు 25 కిలోల బియ్యం బస్తాలు దాదాపు మూడింటి లాగును రాత్రింబవళ్లు ఓర్చుకుంటోందన్నమాట.

కాబట్టి మొదట అడగాల్సింది గిటారునే. ఆ లాగునంతా తట్టుకునే పైపలక మందం మూడు మిల్లీమీటర్ల లోపే. లోపల అతికించిన సన్నని కర్రలే దానికి వెన్నెముక. అవి ఎంత బలంగా ఉంటే పలక అంత లాగును భరిస్తుంది, కాని బలం పెరిగిన కొద్దీ పలక కదలడానికి మొరాయిస్తుంది. తయారుచేసేవాళ్లు ఏదో ఒక సెట్టును మనసులో పెట్టుకునే ఈ తూకం కుదురుస్తారు. ఆ అంకె తెలిస్తే దాన్ని దాటి పైకి పోకండి. పన్నెండుకు చేసిన గిటారు మీద పదమూడు వేస్తే మొదట్లో శబ్దం పెద్దదయిందని సంబరపడతాం. తర్వాత బ్రిడ్జ్ వెనక పలక ఉబ్బుతుంది, తీగలు లేస్తాయి, చివరికి బ్రిడ్జ్ ఊడివస్తుంది. కిందికి దిగితే ఇలాంటి ప్రమాదం లేదు.

నైలాన్ తీగల క్లాసికల్ గిటారు సంగతి వేరు. దాని తీగల మొత్తం లాగు 40 కిలోల చుట్టుపక్కలే. ఏ గేజ్ (తీగ మందం) అయినా సరే, స్టీలు తీగలు దాని మీద వేయకూడదు. శబ్దం గట్టిగా వస్తుందని ఎవరు చెప్పినా వినకండి. ఒకప్పుడు అమెరికాలో మార్టిన్ కంపెనీ గిటార్లు కూడా పేగు తీగలకు చేసినవే. 1920లలో స్టీలు తీగలకు మారేటప్పుడు లోపలి నిర్మాణాన్ని బలపరచాల్సి వచ్చింది.

వెడల్పాటి నడుముతో ఉండే డ్రెడ్‌నాట్‌కు పలక పెద్దది. పది సెట్టు వేస్తే అది పూర్తిగా మేలుకోదు, ధ్వని పలచగా వస్తుంది. దానికి పన్నెండు సరైన జోడీ. చిన్న గిటార్లు పదకొండుతో హాయిగా పాడతాయి. బజారులో 38 అంగుళాలు, 41 అంగుళాలు అని చెప్పేది గిటారు మొత్తం పొడవు, తీగ పలికే పొడవు కాదు. ఆ రెండోదాన్ని నట్ నుంచి సాడిల్ దాకా టేపుతో కొలుచుకోండి. అది 24.9 అంగుళాలైతే అదే పన్నెండు సెట్టు లాగు అయిదు శాతం తగ్గుతుంది. వేలికి ఆ తేడా తెలుస్తుంది.

ఇక వేళ్ల నొప్పి. కొత్తగా నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది సన్న తీగల కోసం వెతికేది దీనివల్లే. నొప్పికి తీగ మందం ఒక్కటే కారణమని వాళ్లకు ఎవరో చెప్పి ఉంటారు. చాలాసార్లు దోషం తీగ ఎత్తుది. రెండో ఫ్రెట్‌కూ మూడో ఫ్రెట్‌కూ మధ్య తీగను నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో చూడండి. పలచని కాగితం పట్టేంత సందు చాలు. అట్టముక్క దూరిపోతోందంటే నట్ గాడి లోతు చాలలేదు. ఎఫ్ కార్డు పట్టనివ్వక ఏడిపించేది అదే. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద రెండున్నర మిల్లీమీటర్ల సందు ఉంటే సుఖం, మూడున్నర ఉంటే శిక్ష. ఈ ఎత్తులు సరిచేయించకుండా పది సెట్టు వేసుకుంటే నొప్పి కొంత తగ్గినా పూర్తిగా పోదు. గిటారు నేర్చుకుందామని ఆశగా మొదలుపెట్టి, తన చేతులే పనికిరావనుకుని మానేసిన పిల్లల్ని తలచుకుంటే బాధగా ఉంటుంది. తీగలు మార్చేముందు గిటారు బాగుచేసేవారికి ఒకసారి చూపించండి. తీగ తుప్పుపట్టి గరుకెక్కినా వేలు మండుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇది త్వరగా జరుగుతుంది. అక్కడ కోటింగ్ తీగలకు పెట్టే అదనపు ఖర్చు దండగ కాదు.

ఎత్తు సరిగ్గా ఉందనుకుందాం. పూర్తి సైజు గిటారుతో మొదలుపెట్టే పెద్దవాళ్లకు నేను చెప్పేది పదకొండు. ఆరేడు నెలల్లో వేళ్లు కాయ కాసి, చెయ్యి కుదిరాక పన్నెండుకు మారవచ్చు, మారకపోయినా తప్పులేదు. పిల్లలకూ, కీళ్ల నొప్పులున్నవారికీ పది. పిక్కుతో గట్టిగా స్ట్రమ్ చేసేవారికి పన్నెండు కావాలి, సన్న తీగలు ఆ దెబ్బకు అల్లాడి ఫ్రెట్‌లకు తగిలి చిటపటమంటాయి. వేళ్లతో మీటేవారికి పదకొండు చాలు. వీణ మీదలా తీగను పక్కకు లాగి గమకం పలికించాలనుకునేవారు పదితో మొదలుపెట్టండి. అరస్వరం పైకి లాగాలంటే తీగ బిగువు 12 శాతం పెరగాలి. బిగువు ముందే ఎక్కువైతే ఆ పెరుగుదలా ఎక్కువే. అకూస్టిక్ సెట్టులో మూడో తీగకు కూడా చుట్టు ఉంటుంది, అందుకని అది అంత తేలిగ్గా లొంగదని ముందే తెలుసుకోండి.

లావు తీగల మోజు పెంచినవారిలో అమెరికా బ్లూస్ వాద్యకారుడు స్టీవీ రే వాన్ ఒకడు. ఎలక్ట్రిక్ గిటారు మీద ఆయన పదమూడు తీగలు వాడేవాడని గొప్పగా చెప్పుకుంటారు. గిటారును ఆయన అరస్వరం దించి శ్రుతి చేసుకునేవాడన్న మాట మాత్రం మరిచిపోతారు. అరస్వరం దిగితే బిగువు 11 శాతం తగ్గుతుంది, అంటే ఆ పదమూడు తీగ లాగు మామూలు శ్రుతిలోని పన్నెండుకు దగ్గరగా వస్తుంది. ఇదే లెక్క మనకూ పనికొస్తుంది. గొంతుకు అందడం లేదని గిటారును ఒక పూర్తి స్వరం దించి పాడేవారికి బిగువు అయిదో వంతు పోతుంది, పదకొండు తీగలు వేలాడుతున్నట్టు ఉంటాయి. వాళ్లు పన్నెండు వేసుకోవడం మంచిది. ఎప్పుడూ దించిన శ్రుతిలోనే ఉంచేటట్టయితే పదమూడుకు కూడా గిటారు భయపడదు. కాని పొరపాటున ఎవరూ మామూలు శ్రుతికి ఎక్కించకుండా చూసుకోవాలి.

గేజ్ మార్చిన రోజే తీర్పు చెప్పకండి. లాగు మారితే నెక్ వంపు మారుతుంది, అది కుదురుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. సన్నని సెట్టు వేశాక నెక్ మరీ నిటారై తీగలు మొదటి ఫ్రెట్‌ల దగ్గర బరబరమంటే, నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను పావు చుట్టు లోపే, కొద్దికొద్దిగా వదులు చేయించండి. లావు సెట్టు వేశాక శ్రుతి చేస్తున్నప్పుడు టిక్కుమని శబ్దం వచ్చి స్వరం ఒక్కసారిగా ఎగిరితే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. బలవంతాన తిప్పకండి, గాడిని తగిన ఆకురాయితో వెడల్పు చేయించండి. పాత ప్యాకెట్టు మీది అంకెలు, వేసిన తేదీ ఒక చీటీ మీద రాసి గిటారు పెట్టెలో ఉంచుకుంటే వచ్చేసారి ఏది కొనాలో దుకాణదారుణ్ని అడగక్కర్లేదు.