ముందు కూలి... ఆ తర్వాతే బాప్తిస్మం!

కరువులో అన్నం పెట్టి మతంలో కలుపుకున్నారన్న మాట మిషనరీల గురించి తరచూ వినిపిస్తుంది. దాదాపు నూట యాభై ఏళ్ల కిందట ఒంగోలులో ఓ మిషనరీ ఆ మాట పడకూడదనుకున్నారు. కరువు తీరేదాకా బాప్తిస్మం ఇవ్వనని తలుపు మూసేశారు!

1876... ధాత నామ సంవత్సరం. వానల్లేవు. చెరువులు నెర్రెలిచ్చాయి. పశువులు కబేళాల దాకా కూడా నడవలేక దారిలోనే కూలబడ్డాయి. పెద్దవాళ్లు ‘ధాత కరువు’ అని చెప్పుకున్నది దీన్నే. 1878 దాకా దక్షిణాదిని పీడించిన ఆ కరువు 50 లక్షల మందికి పైగా పొట్టన పెట్టుకుందని అంచనా.

ప్రభుత్వం కరువు పనులైతే పెట్టింది. కానీ ఖర్చు తగ్గించాలని వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877లో మనిషికి రోజుకు పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర చాలన్నారు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మట్టి మోస్తే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఒంగోలులో ఉంటున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ప్రభుత్వం దగ్గర ఓ కాంట్రాక్టు తీసుకున్నారు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం!

ప్రచారకులే మేస్త్రీలు

1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన క్లౌకి కుర్రతనంలో సర్వేయర్ల వెంట తిరిగి పని నేర్చుకున్న అనుభవం ఉంది. గొలుసు పట్టి నేల కొలవడం, మట్టి లెక్క కట్టడం తెలుసు. ఆ విద్య ఇప్పుడు అక్కరకొచ్చింది. తాటాకు పాకలు లేచాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వేలల్లో వచ్చారు. సంఘ ప్రచారకులే మేస్త్రీలుగా మారి గుంతలు కొలిచారు, హాజరు వేశారు. మిగతా చోట్ల తిట్లూ, కూలిలో కోతలూ తిన్నవాళ్లకు ఇక్కడ పేరు పెట్టి పిలిచేవాళ్లు దొరికారు.

మధ్యాహ్నం కాస్త నడుం వాల్చే వేళ ప్రచారకులు నాలుగు మంచి మాటలు చెప్పేవాళ్లు. విన్నవాళ్లలో చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. ఒక రోజు, రెండు రోజులు కాదు... ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు! కడుపు కాలుతున్న మనిషి చెప్పే ‘నమ్ముతున్నా’నన్న మాటను తాను సొమ్ము చేసుకోకూడదన్నది ఆయన పట్టుదల. కూలి మాత్రం అందరికీ ఇచ్చారు. నమ్మినవాడికీ, నమ్మనివాడికీ.

గుండ్లకమ్మ ఒడ్డున...

1878 జూన్‌కి కరువు సాయం పంపిణీ ముగిసింది. ఇక ఇవ్వడానికి తన దగ్గర పనీ లేదు, డబ్బూ లేదని క్లౌ కబురు పంపారు. జనం తగ్గుతారనుకుంటే ఇంకా పెరిగారు. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలోని వెల్లంపల్లి దగ్గర గుమిగూడి అరచేతులు చూపించారు. తవ్వి తవ్వి కట్టిన బొబ్బలు! సాయం కోసం రాలేదు, కష్టపడి బతకగలం, పంట పోయి చావాల్సి వస్తే క్రైస్తవులుగానే పోతాం అన్నది వాళ్ల మాట.

ఇక కాదనడానికి కారణం లేదు. ఒక్కొక్కరినీ విచారించి, తెలిసినవాళ్ల సాక్ష్యం తీసుకున్నాకే పేర్లు రాశారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే బాప్తిస్మం పొందినవాళ్లు 2,222 మంది! ఆరుగురు బోధకులు, ఇద్దరి తర్వాత ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి ఆ పని పూర్తి చేశారు. తొందరపడ్డారన్న విమర్శలు మిషనరీల్లోనే కొందరి నుంచి వచ్చాయి. ఏడాదికి పైగా ఆగిన మనిషిని తొందరపడ్డారనడం విచిత్రమే!

‘వాళ్లొస్తే మేం రాం’

ఈ కథకు అసలు పునాది కరువుకు పదేళ్ల ముందే పడింది. 1866లో క్లౌ ఒంగోలు వచ్చిన కొత్తలో అగ్రవర్ణాల వాళ్లు ఆసక్తిగా చుట్టూ చేరారు. అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య వచ్చారు. మాదిగ కులస్థుడు, తోలు వ్యాపారం, రాజయోగ సాధన చేసిన మనిషి. ఆయన వెనక ఆయన జనం. ‘వాళ్లను చేర్చుకుంటే మేం రాం’ అన్నారు పెద్దలు. క్లౌ ఇరకాటంలో పడ్డారు. ఆయనా, భార్య హారియెట్టూ వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనిపించిందట. లోకం చులకన చేసినవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం. పేరయ్య జనానికే తలుపు తెరిచారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది.

చేరినవాళ్లకు మూడే నియమాలు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. చదవడానికి ఇవి సొంత నడవడికి సంబంధించినవే. కానీ మాదిగపల్లెలో అలా మిగల్లేదు. ఆదివారం పనికి రామంటే పిలిస్తే వెళ్లాల్సిన వెట్టికి ఎదురు చెప్పడమే. జాతరలో డప్పు కొట్టమంటే ఊరు గీసిన గీత దాటడమే. అందుకే కొన్ని ఊళ్లలో పెద్దలు పనులు ఆపేశారు, బజారుకు రానివ్వలేదు. మంచిగా బతుకుతామన్నందుకే పస్తులు పడాల్సి వచ్చింది!

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ ఈ కోణాన్ని బాగా పట్టుకున్నారు. అమెరికాలో ‘సామాజిక సువార్త’ ఉద్యమానికి సిద్ధాంతకర్తగా పేరొందిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడు. ఆత్మరక్షణ ఒక్కటే చాలదు, కూలి, తిండి, న్యాయం కూడా మతానికి పట్టాలన్నది ఆయన వాదం. 1910లో క్లౌ చనిపోయాక, 1914లో ఎమ్మా ఆయన జీవితకథను వెలువరించారు. దాని పేరు ‘ప్రాచ్యంలో సామాజిక క్రైస్తవం’ అన్న అర్థం వచ్చేలా ఉంటుంది.

గీత చెరిగిందా?

పూర్తిగా లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డ్ కులాల జాబితా బయటే ఉంచింది. తెలుగునాట వారిని బీసీ-సీలో చేర్చారు. చర్చిలోనూ కులం బయట చెప్పులతో పాటు ఆగిపోలేదు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కులం అడిగే విశ్వాసులకు కొదవ లేదు.

బోధించడం తేలిక. ఆకలితో ఉన్నవాడి బలహీనతను వాడుకోకుండా ఆగడం కష్టం. ‘వాళ్లొస్తే మేం రాం’ అన్నవాళ్లను వెళ్లనివ్వడం ఇంకా కష్టం. ఒంగోలులో ఈ రెండూ జరిగాయి. ఆ రెండో పరీక్ష మాత్రం ఇప్పటికీ ప్రతి ఆదివారం, ప్రతి సంఘం ముందూ ఉంది.