మన మురుగు కాలవ ఎంత నీరు మోయగలదు?

‘నీరు పల్లమెరుగు’ అంటారు మన పెద్దలు. పట్టణంలో గట్టివాన కురిసినరోజున ఆ నీరు పల్లం వెతుక్కుంటూ మన వాకిట్లోకే వస్తుంది. ఒక్కొక్క ఇంట్లో స్నానాలగది తూములోంచి పైకి తన్నుకొస్తుంది కూడాను. “కాలవలు బాగుచెయ్యలేదు” అని విసుక్కుంటాం. అది సగం నిజమే. ఆ కాలవ మోయగలిగింది ఎంత, మనం అందులో పోస్తున్నది ఎంత అన్నది మిగతా సగం. బిందెల లెక్క తెలిసిన ఇల్లాలికి ఈ లెక్క ఏమంత కష్టం కాదు.

ఒక ఎకరం పేటలో నూరుమంది వున్నారనుకోండి. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరనీ, అందులో 80 శాతం మురుగుగా బయటికి పోతుందనీ ఇంజనీర్ల లెక్క. అంటే గంటకు సగటున 450 లీటర్లు. పొద్దున్నే అందరి స్నానాలూ, అంట్లూ ఒక్కసారే కనక దానికి మూడురెట్లు, 1,350 లీటర్లు అనుకుందాం. మరి అదే ఎకరంలో గంటలో ఒక్క సెంటీమీటరు వాన పడితే? 40,000 లీటర్లు! నేల కొంత పీల్చుకున్నా 30,000 లీటర్లు కాలవ మీద పడతాయి. చూశారా, ఇరవైరెట్ల పైమాటే.

అందుకే భూగర్భ డ్రైనేజీ వున్నచోట వాననీటికి వేరే కాలవ వుండాలంటారు. మన గోదావరి పట్టణాల్లో చాలా వీధుల్లో రోడ్డుపక్క కాలవే రెంటినీ మోస్తుంది.

దాని శక్తి కొలవడం ఎలాగంటారా? వెడల్పునీ, లోతునీ, నీటి వేగాన్నీ హెచ్చవేయడమే. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, సెకనుకు రెండడుగుల నడక అయితే ఎనిమిది క్యూసెక్కులు. గంటకు ఒక సెంటీమీటరు వానైతే అది పాతిక ఎకరాల నీరు మోస్తుంది. అయిదు సెంటీమీటర్ల వానైతే అయిదెకరాలదే! ఇక అడుగు మేర పూడిక పేరుకుంటే అందులో సగం కూడా మోయదు. ఎండ కాసేరోజున ఒకసారి, వానరోజున ఒకసారి ఒకేచోట కొలిస్తే, మురుగులో వాననీరు ఎంత కలుస్తోందో తేలిపోతుంది.

రాజమండ్రికి ఇంకో చిక్కుంది. వూరి నీరు నల్లా ఛానలు, ఆవ ఛానలు మీదుగా గోదావరికి చేరాలి. గోదావరి నిండుగా వున్నప్పుడు ఆ నీరు దిగడానికి పల్లమేదీ? నది ఎదురెక్కి రాకుండా తూములు మూసి, మోటార్లతో తోడాల్సిందే. నిండిన సీసాలో గరాటు పెట్టి నూనె పోసినట్టన్నమాట. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2022 జూలైలోనూ వరద మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. అలాంటి రోజుల్లో వూరి శక్తి అంటే కాలవ వెడల్పు కాదు, మోటార్ల శక్తే. కంబాలచెరువు, తుమ్మలావ, ఆర్యాపురం వంటి పల్లపు పేటలవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

పొంగిన మురుగు కాళ్లకు అంటుకుని పోయేదైతే కడుక్కోవచ్చు. కాని కుళాయి రానివేళ మంచినీటి గొట్టం బీటల్లోంచి లోపలికి చేరితే విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు తప్పవు. వీధి మునిగిన తర్వాత కొన్నాళ్లపాటు నీళ్లు మరగకాచి చల్లార్చే తాగండి.

డాబామీది వాననీటి గొట్టాన్ని మురుగు గొట్టానికి కలపకండి. దొడ్లో నీళ్లు నిలిచాయని మాన్‌హోల్ మూత ఎత్తించకండి. మీ దొడ్డి ఆరుతుంది గాని కింది వీధి మునుగుతుంది. ప్లాస్టిక్ సంచులు కాలవలో వెయ్యకండి. మాన్‌హోల్లోకి మనిషిని మాత్రం ఎప్పుడూ దించనివ్వకండి. లోపలి విషవాయువు ప్రాణం తీస్తుంది. రక్షణలేకుండా దించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

జూను రాకముందే నలుగురు ఆడవాళ్లూ కలిసి మునిసిపాలిటీవారిని మూడు ప్రశ్నలు అడగండి: మా వీధి కాలవ ఎన్ని ఎకరాల నీరు మోస్తోంది? పూడిక ఎప్పుడు తీశారు? తూములు మూసినరోజున ఎన్ని మోటార్లు నడుస్తాయి? జవాబు అంకెల్లో చెప్పమనండి.