నంబరు వెనక పేరు

మీ ముత్తాతది ఏ ఊరో మీకు ఎలా తెలిసింది? మనలో చాలా మందికి జవాబు ఒకటే: ఒక పాత కాగితం.

ఓడ ఎక్కే ముందు గుమాస్తా అన్నీ రాసుకున్నాడు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద మచ్చలు. వీటికి తోడు ఒక నంబరు. మారిషస్ వెళ్ళినా, నాటాల్ వెళ్ళినా, ఫిజీ వెళ్ళినా మనవాళ్ళు నంబరుతోనే వెళ్ళారు. ఆ పద్దు ఉండబట్టే ఈనాడు మనకు మన పల్లె పేరు దొరుకుతోంది. పద్దు అంటే పుస్తకంలో రాసిపెట్టిన లెక్క.

అదే పద్దు వాళ్ళకు సంకెల కూడా అయింది. మారిషస్‌లో 1867లో ఒక చట్టం వచ్చింది. ఒప్పందం ముగిసిన కూలీలు కూడా ఫొటో ఉన్న టికెట్టు, పోలీసు పాసు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. లేకపోతే పట్టుకుపోతారు. 1871లో 9,401 మంది కలిసి గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. మరుసటి ఏడు బ్రిటన్ ఒక విచారణ సంఘాన్ని నియమించింది.

ఈ పాత కథ ఇప్పుడు ఎందుకంటారా? మీ ఫోనులో ఇప్పుడు కొత్త పద్దు ఒకటి ఉంది కాబట్టి.

ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద నడవండి. చీరల కొట్లు, మిఠాయి కొట్ల మధ్యలో డబ్బు పంపే కౌంటర్లు కనిపిస్తాయి. అక్కడ మీ గుర్తింపు కార్డు అడుగుతారు, ఫారం నింపమంటారు. మీ ఇంట్లో కుర్రవాళ్ళు మాత్రం, "అమ్మమ్మా, ఇదంతా ఎందుకు? డర్బన్‌లో మామయ్యకు ఫోనులోనే స్టేబుల్‌కాయిన్ పంపేస్తాను," అంటూ ఉండవచ్చు. ఒక కాయిన్ విలువ ఒక డాలరు దగ్గరే నిలిచి ఉండేలా చేసిన డిజిటల్ డబ్బును స్టేబుల్‌కాయిన్ అంటారు. ఆదివారమైనా సరే, కొద్ది నిమిషాల్లో చేరిపోతుంది.

అయితే ఆ డబ్బు బ్లాక్‌చెయిన్ మీద నడుస్తుంది. బ్లాక్‌చెయిన్ అంటే వేల కంప్యూటర్లలో ఒకేలా ఉండే పద్దు పుస్తకం. బిట్‌కాయిన్, ఈథీరియం వంటి వాటిలో ఆ పుస్తకాన్ని ఎవరైనా తెరిచి చూడవచ్చు. ఒకసారి రాసింది చెరపడం దాదాపు అసాధ్యం. అందులో మీ పేరు ఉండదు. ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. దాన్ని అడ్రసు అంటారు.

నంబరే కదా, భయమెందుకు అనుకోకండి. ఆ నంబరు ఎవరిదో ఒక్కసారి తెలిస్తే చాలు, దాని వెనక ఉన్నదంతా బయటపడుతుంది. హోటల్ బిల్లులో మీ వాటా స్నేహితుడికి ఆ అడ్రసు నుంచి పంపారనుకోండి. ఆ అడ్రసులో మీకు ఎంత ఉంది, ఎప్పుడు వచ్చింది, ఏ అడ్రసుకు ఎంత పంపారు, అన్నీ అతను చూడగలడు. ఊళ్ళో ఒంటరిగా ఉండే పెద్దావిడకు నెలనెలా డబ్బు వస్తోందని దొంగకు తెలియడం మంచిదేనా?

మరి అంతా దాచేస్తే? అక్కడ చట్టం అడ్డు వస్తుంది. అమెరికాలో బ్యాంక్ సీక్రెసీ యాక్ట్ 1970 నుంచి ఉంది. ఒక రోజులో 10,000 డాలర్లకు మించి నగదు చేతులు మారితే బ్యాంకు ప్రభుత్వానికి చెప్పాలి. 3,000 డాలర్లు, ఆపైన పంపితే పంపినవారి వివరాలు డబ్బుతో పాటే అవతలి సంస్థకు వెళ్ళాలి. దీన్నే ట్రావెల్ రూల్ అంటారు. క్రిప్టో కంపెనీలకూ ఇలాంటి నియమం ఉండాలని 2019లో ఎఫ్ఏటీఎఫ్ అనే అంతర్జాతీయ సంఘం చెప్పింది. భారతదేశం 2023 మార్చిలో క్రిప్టో ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగ్ చట్టం కిందికి తెచ్చింది. అమెరికాలో 2025 జూలైలో వచ్చిన జీనియస్ చట్టం స్టేబుల్‌కాయిన్ కంపెనీలను కూడా ఈ లెక్కల్లోకి తెచ్చింది.

ఈ అడగడమంతా ఉత్త వేధింపు కాదు. ఒకప్పుడు మాయమాటలు చెప్పి మనవాళ్ళను ఓడ ఎక్కించిన ఏజెంట్లు ఉన్నారు. ఈనాడు కూడా మనుషులను అమ్మేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ డబ్బు జాడ పట్టాలంటే లెక్కలు కావాలి.

ఈ రెండింటి మధ్య గొడవ టోర్నడో క్యాష్ విషయంలో బాగా బయటపడింది. దాన్ని గుడి హుండీలా ఊహించుకోండి. అందరూ డబ్బు వేస్తారు, కలిసిపోతుంది. తర్వాత ఎవరి వాటా వాళ్ళు కొత్త అడ్రసుతో తీసుకుంటారు. ఏది ఎవరిదో బయటివాళ్ళకు తెలియదు. యుక్రెయిన్‌కు విరాళం పంపడానికి తాను దాన్ని వాడానని ఈథీరియం సృష్టికర్తల్లో ఒకరైన విటాలిక్ బుటెరిన్ చెప్పారు. అందుకున్నవాళ్ళు ఎవరో శత్రువుకు తెలియకూడదు కదా. కానీ ఉత్తర కొరియా హ్యాకర్లు 45.5 కోట్ల డాలర్లకు పైగా దొంగసొత్తును అదే హుండీలో కలిపారని అమెరికా ట్రెజరీ అంది. 2022 ఆగస్టులో దాన్ని నిషేధించింది. ప్రభుత్వానికి ఆ అధికారం లేదని 2024 నవంబరులో అప్పీలు కోర్టు తేల్చింది. 2025 మార్చిలో నిషేధం ఎత్తేశారు. అంతటితో అయిపోలేదు. లైసెన్సు లేని డబ్బు వ్యాపారానికి కుట్ర చేశాడని 2025 ఆగస్టులో న్యూయార్క్ జ్యూరీ దాని రూపకర్తల్లో ఒకరిని దోషిగా తేల్చింది.

మధ్యే మార్గం లేదా? 2023లో బుటెరిన్, మరో నలుగురు కలిసి ఒక పత్రం రాశారు. వాళ్ళ ఆలోచన పేరు ప్రైవసీ పూల్స్. ఇక్కడా హుండీ ఉంటుంది. కానీ డబ్బు తీసుకునేటప్పుడు మీరు ఒక రుజువు చూపవచ్చు: "నేను ఈ మంచివాళ్ళ గుంపులో ఒకణ్ణి." ఆ గుంపులో మీరెవరో మాత్రం చెప్పనక్కర్లేదు. పుట్టినరోజు చెప్పకుండానే 21 ఏళ్ళు నిండాయని రుజువు చేయడం లాంటిది ఇది. గణితంలో దీన్ని జీరో నాలెడ్జ్ ప్రూఫ్ అంటారు. మంచివాళ్ళ జాబితా ఎవరు రాస్తారన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. జాబితాలు రాసేవాళ్ళ చేతిలో ఎంత బలం ఉంటుందో మన ఇళ్ళలో ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

మీరు డబ్బు పంపే ముందు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. మీ అసలు పొదుపు ఉన్న అడ్రసు నుంచి చిన్న చెల్లింపులు చేయకండి, వాటికి వేరే అడ్రసు పెట్టుకోండి. మీ అడ్రసును పేరుతో కలిపి అందరికీ కనిపించే చోట రాయకండి. లైసెన్సు ఉన్న కంపెనీనే వాడండి. రిపోర్టు తప్పించుకోవాలని పెద్ద నగదును ముక్కలు చేసి పంపకండి. ఆ డబ్బు కష్టార్జితమే అయినా, అలా చేయడమే నేరం. 2026 జనవరి 1 నుంచి నగదు ఇచ్చి విదేశాలకు పంపితే 1 శాతం పన్ను ఉంది. బ్యాంకు ఖాతా నుంచి, అమెరికా బ్యాంకు ఇచ్చిన కార్డుతో పంపితే లేదు. కాబట్టి ఆ పన్నుకు భయపడి తెలియని యాప్ వైపు పరుగెత్తకండి.

మన పూర్వీకుల రికార్డులు మారిషస్‌లో, మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. కావాలంటే వెళ్ళి, అడిగి, అనుమతితో చూడాలి. అక్కడ పద్దు ఉంది, దానికి తలుపు ఉంది, తలుపు దగ్గర జవాబు చెప్పే మనిషీ ఉన్నాడు. రేపు మీ మనవలు మీ డబ్బు పద్దు కోసం వెతికితే, ఆ తలుపు ఎవరి చేతిలో ఉంటుంది? యాప్ తెరిచే ముందు మీ పిల్లలను ఈ ప్రశ్న అడగండి. తెలుగులోనే అడగండి.